వెతికే కమాండ్ కొడితే విండో బిగుసుకుపోయిందా? మూసేయకుండా ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైన సంగతి ఇది. పాలకొల్లు దగ్గర చేపల మేత కొట్లో మీరు లెక్కలు చూస్తున్నారు. 2014 నుంచి బిల్లులన్నీ ఏడాదికో ఫోల్డర్ చొప్పున టెక్స్ట్ ఫైళ్లుగా, సిఎస్‌వి ఫైళ్లుగా ఉన్నాయి. ఒక రైతు పాత బాకీ తేల్చమని ఓనరు గారు అడిగితే ఆయన పేరు కోసం వెతికారు. కొట్లోని విండోస్ 10 కంప్యూటర్‌లో ఫైండ్‌స్ట్ర్ అనే వెతికే కమాండ్ కాసేపు వరసలు గబగబా చూపించి సగంలో నిలిచిపోయింది. ఇంట్లో ఉబుంటు లినక్స్ లాప్‌టాప్‌లో అదే పని చేసే గ్రెప్ కమాండ్ కొడితే ఒక్క అక్షరం కూడా రాలేదు, కర్సర్ మాత్రం మిణుకుమిణుకుమంటోంది. పెన్‌డ్రైవ్‌లోని కాపీ మీద వెతికినప్పుడైతే కంట్రోల్ సి కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. మూడుసార్లూ విండో మూసేసి మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ అదే. "ఈ టూల్ పనికిరాదా, వేరేది వేసుకోమంటారా" అని అడిగారు.

వేరేది అక్కర్లేదండి. టూల్ బాగానే ఉంది. మీరు ఒకటే జబ్బు అనుకుంటున్నవి మూడు వేరువేరు జబ్బులు. మూడింటికీ మందు వేరు. నేను రాజమండ్రిలో ఇరవై ఏళ్లకు పైగా సర్వర్లు చూస్తున్నాను. "హ్యాంగ్ అయిపోయింది" అని వచ్చిన ఫోన్లలో ఎక్కువ శాతం నిజంగా హ్యాంగ్ అయినవి కావు. కమాండ్ దేనికోసమో ఎదురుచూస్తూ ఉంటుంది, అది మనకి తెలియదు, అంతే.

మీది పడమటి డెల్టా కాబట్టి అక్కడి మాటతోనే చెబుతాను. శివారు చేలకి నీరు అందలేదంటే కాలువ పాడైపోయిందని ఎవరూ అనరు. విజ్జేశ్వరం దగ్గర నీరు వదిలారా లేదా, మధ్యలో లాకు తలుపు వేసి ఉందా, గుర్రపుడెక్క అడ్డం పడిందా, లేక పైనున్న చేలు ఇంకా తడుస్తున్నాయా అని గట్టు వెంట నడిచి చూస్తారు. కమాండ్ సంగతీ అంతే. ఒక పక్క నుంచి డేటా లోపలికి రావాలి, మధ్యలో వెతకడం జరగాలి, ఇంకో పక్క నుంచి ఫలితం బయటికి పోవాలి. లోపలికి రాకపోయినా ఆగుతుంది, బయటికి పోలేకపోయినా ఆగుతుంది. మధ్యలో పని ఎక్కువై ఆలస్యమైనా మన కంటికి ఆగినట్టే ఉంటుంది. విండో మూసేస్తే ఈ మూడింటిలో ఏదో చెప్పే ఆధారం కూడా దాంతోపాటే పోతుంది.

ముందు కొట్లో కంప్యూటర్ సంగతి. మీరు పెట్టిన ఫోటోలో నల్ల విండో పై పట్టీ చూడండి. అక్కడ పేరుకి ముందు "సెలెక్ట్" అనే మాట ఉంది. మీ సమస్య మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. విండోస్ 10 కమాండ్ విండోలో క్విక్ ఎడిట్ అనే సదుపాయం మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది. విండో లోపల మౌస్‌తో ఒక్కసారి క్లిక్ చేస్తే చాలు, అక్షరాలు కాపీ చేసుకోబోతున్నారనుకుని అది తెరని కదలకుండా పట్టుకుంటుంది. అప్పటినుంచి ఫైండ్‌స్ట్ర్ పంపే వరసల్ని తీసుకోదు. తీసుకునేవాళ్లు లేకపోతే ఫైండ్‌స్ట్ర్ కూడా చేతిలో వరస పట్టుకుని అక్కడే నిలబడుతుంది. అంటే లాకు దిగువ తలుపు మూసుకుపోయిందన్నమాట, నీరు లేక కాదు. వరసలు గబగబా పోతుంటే ఆపి చదువుదామని క్లిక్ చేయడం ఎవరికైనా అలవాటే, మీరూ అదే చేసి ఉంటారు.

మందు చిన్నది. ఎస్కేప్ గానీ ఎంటర్ గానీ ఒకసారి నొక్కండి. ఆగిన చోటి నుంచే మళ్లీ సాగుతుంది, ఒక్క వరస కూడా పోదు. ఇది మళ్లీ మళ్లీ ఇబ్బంది పెడుతుంటే పై పట్టీ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఆప్షన్స్ కింద క్విక్ ఎడిట్ మోడ్ పక్కన టిక్ తీసేయండి. నేనైతే గంటల తరబడి నడవాల్సిన పని ఏది పెట్టినా ముందు ఆ టిక్ తీసే మొదలుపెడతాను. రాత్రి పని పెట్టి, పొద్దున్న వచ్చి చూస్తే మొదటి నిమిషంలోనే ఆగి ఉన్న సందర్భాలు చూశాను. కుర్చీ జరుపుతుంటే మౌస్ తగిలిందంతే, రాత్రంతా వృథా.

కానీ మీ విషయంలో ఇంకోటి కూడా ఉంది. అసలు అన్ని వరసలు ఎందుకు వచ్చాయి? రైతు పేరు రెండు మాటలు. ఆ రెండింటినీ కోట్లలో, అంటే కొటేషన్ గుర్తుల మధ్య, పెట్టి ఇచ్చారు. ఫైండ్‌స్ట్ర్ కోట్ల మధ్య స్పేస్ కనిపిస్తే "ఈ మాట గానీ, ఆ మాట గానీ" అని అర్థం చేసుకుంటుంది. రెండో మాట "రాజు" అయితే మీ వైపు బిల్లుల్లో అది ఎన్ని వరసల్లో ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండు మాటలూ కలిపి ఒకే పేరుగా వెతకాలంటే స్లాష్ సి, వెంటనే కోలన్, వెంటనే కోట్లలో పూర్తి పేరు ఇవ్వాలి, మధ్యలో స్పేస్ ఉండకూడదు. లోపలి ఫోల్డర్లు కూడా చూడాలంటే స్లాష్ ఎస్, పెద్దక్షరాలు చిన్నక్షరాలు పట్టించుకోవద్దంటే స్లాష్ ఐ, వరస నంబరు కావాలంటే స్లాష్ ఎన్ కలపండి. మొదటిసారి మాత్రం స్లాష్ ఎమ్ పెట్టి చూడండి, ఏయే ఫైళ్లలో ఆ పేరుందో ఆ ఫైళ్ల పేర్లు మాత్రమే వస్తాయి. వరద లాగా వచ్చేది పది పదిహేను వరసలకి తగ్గుతుంది. చివర్లో ఎక్కడ వెతకాలో, అంటే నక్షత్రం, చుక్క, టిఎక్స్‌టి అని ఇవ్వడం మరిచిపోకండి.

ఎందుకంటే అది మరిచిపోతే జరిగేదే మీ రెండో జబ్బు.

ఇంట్లో లాప్‌టాప్‌లో మీరు కొట్టింది "గ్రెప్", స్పేస్, కోట్లలో రైతు పేరు, ఎంటర్. ఎక్కడ వెతకాలో చెప్పలేదు. మనం చెప్పకపోతే ఈ ఫోల్డర్‌లోనే వెతుకుతుందిలే అని అందరం అనుకుంటాం. గ్రెప్ అలా అనుకోదు. ఫైలు పేరు లేకపోతే కీబోర్డు నుంచి వచ్చేదాంట్లో వెతకమన్నారని దాని లెక్క. ఇది లోపం కాదు, పుట్టుకతో వచ్చిన స్వభావం. 1973లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ దీన్ని రాసినప్పటి యూనిక్స్ (లినక్స్‌కి పెద్దన్న లాంటి పాత వ్యవస్థ) పద్ధతి అది: ఒక కమాండ్ నోట్లోంచి వచ్చింది ఇంకో కమాండ్ చెవిలోకి పోవాలి. ఫైలు పేరు ఇవ్వలేదంటే ఎవరో ఇటు డేటా పంపిస్తారని అది నోరు తెరుచుకుని ఉంటుంది.

నమ్మకం కుదరాలంటే చిన్న పరీక్ష చేయండి. అలా ఆగి ఉన్నప్పుడు ఆ రైతు పేరు మీరే టైప్ చేసి ఎంటర్ కొట్టండి. అదే వరస కింద రెండోసారి కనిపిస్తుంది. అంటే గ్రెప్ బతికే ఉంది, వింటోంది, మీరు ఇచ్చిన వరసలో పేరు దొరికిందని చూపించింది. కంట్రోల్ డి కొడితే ఇన్‌పుట్ అయిపోయిందనుకుని బయటికొస్తుంది, కంట్రోల్ సి కొడితే మధ్యలో ఆపేసి వస్తుంది. మీరు కొట్టాల్సింది: గ్రెప్, స్పేస్, హైఫన్ చిన్న ఆర్, స్పేస్, కోట్లలో పేరు, స్పేస్, ఒక చుక్క. హైఫన్ ఆర్ అంటే లోపలి ఫోల్డర్లు కూడా చూడమని, ఆ చుక్క అంటే ఇప్పుడున్న ఫోల్డర్. 2012లో వచ్చిన 2.11 వెర్షన్ నుంచి జిఎన్‌యూ గ్రెప్‌లో హైఫన్ ఆర్ ఉంటే చుక్క లేకపోయినా ఇప్పుడున్న ఫోల్డర్‌నే చూస్తుంది. అయినా చుక్క పెట్టే అలవాటు చేసుకోండి. పాత సర్వర్లలో అది లేకపోతే మళ్లీ ఇదే టెన్షన్.

కోట్లు ఒక పక్క తెరిచి రెండో పక్క మూయకపోయినా ఇలాగే ఉంటుంది. కాకపోతే అప్పుడు వరస మొదట్లో ఒక బాణం మొన లాంటి గుర్తు కనిపిస్తుంది. గ్రెప్ ఇంకా మొదలే కాలేదు, "కోట్ మూయి" అని షెల్, అంటే మనం కొట్టింది చదివి కమాండ్ నడిపే ప్రోగ్రామ్, అడుగుతోందన్నమాట. కంట్రోల్ సి కొట్టి మళ్లీ రాయండి.

ఇక్కడ ఒక కీ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దాని వల్ల నేను నష్టపోయాను. కంట్రోల్ ఎస్. మనకి ఎక్సెల్‌లో, వర్డ్‌లో ఏళ్ల తరబడి చేతికి పట్టేసిన అలవాటు, సేవ్ చేయడానికి కొట్టేస్తాం. లినక్స్ టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే విండోలో, ఆ కీకి అర్థం "ఇక పంపకు, ఆపు" అని. టెలిటైప్ యంత్రాల కాలం నాటి పద్ధతి ఇది. అక్షరాలకి నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో 19వ సంకేతం ఆపమంటుంది, 17వ సంకేతం, అంటే కంట్రోల్ క్యూ, మళ్లీ మొదలుపెట్టమంటుంది. కాగితం టేపు చదివే యంత్రాన్ని ఆపడానికీ నడపడానికీ పెట్టిన ఆ రెండు సంకేతాలు ఈనాటి టెర్మినల్ లోపల కూడా అలాగే ఉన్నాయి. కంట్రోల్ ఎస్ కొట్టాక మీరు ఏం టైప్ చేసినా తెర మీద కనిపించదు. పోవడం మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది, అది ఇంకా ప్రమాదం.

2009లో కాకినాడలో ఒక ఆఫీసులో రాత్రి బిల్లింగ్ నడుస్తుండగా లాగ్ ఫైల్లో ఏదో వెతుకుతూ అలవాటుగా కంట్రోల్ ఎస్ కొట్టాను. తెర బిగుసుకుంది. పదిహేను నిమిషాలు చూశాను. సర్వర్ పోయిందనుకుని పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశాను. సర్వర్ బాగానే ఉంది, బిల్లింగ్ కూడా సాఫీగా నడుస్తూనే ఉంది. నేను ఆపిన ఆ క్షణంలో డేటాబేస్ సగం రాసి ఉంది. దాన్ని సరిచేసేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది, పొద్దున్న నుంచి కౌంటర్ దగ్గర జనం నిలబడే ఉన్నారు. ఒక్క కంట్రోల్ క్యూ కొట్టి ఉంటే సరిపోయేది. అందుకే ఎవరు ఫోన్ చేసినా నా నోటి నుంచి వచ్చే మొదటి మాట "కంట్రోల్ క్యూ కొట్టి చూడండి" అనే. కొడితే నష్టం ఏమీ లేదు, ఆ జబ్బే అయితే క్షణంలో తేలిపోతుంది. ఈ ఇబ్బంది శాశ్వతంగా వద్దనుకుంటే ఎస్‌టిటివై, స్పేస్, హైఫన్ ఐఎక్స్‌ఓఎన్ అనే కమాండ్‌ని, టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే బ్యాష్ ఆర్‌సి ఫైల్లో చేర్చుకోండి. విండోస్ నల్ల విండోలో పాజ్ కీ కూడా ఇదే పని చేస్తుంది, అక్కడ ఇంకేదైనా కీ కొడితే కదులుతుంది.

ఇప్పుడు మూడోది, పెన్‌డ్రైవ్. మొదటి రెండూ తేలిక. ఇది తేలిక కాదు, శ్రద్ధగా చూడాల్సిన విషయం.

కంట్రోల్ సి కొట్టినా వదలని కమాండ్ కనిపిస్తే ఆ విండోని అలాగే ఉంచి పక్కన ఇంకో టెర్మినల్ తెరవండి. అందులో "టాప్" అని కొట్టండి. గ్రెప్ వరసలో "ఎస్" అనే శీర్షిక కింద ఒకే ఒక అక్షరం ఉంటుంది, నా దృష్టిలో లినక్స్ మనకి ఇచ్చే అన్ని సూచనల్లో అంత విలువైనది ఇంకోటి లేదు. అక్కడ ఆర్ ఉంటే అది పని చేస్తోంది, ఓపిక పట్టండి. ఎస్ ఉంటే దేనికోసమో ఎదురుచూస్తోంది, కీబోర్డు కావచ్చు, ఇంకో కమాండ్ నుంచి డేటా తెచ్చే పైప్ కావచ్చు. టి ఉంటే ఎవరో కంట్రోల్ జెడ్ కొట్టి పక్కన పెట్టారు, అసలు విండోలో ఎఫ్‌జి అని కొడితే ముందుకొస్తుంది. డి ఉంటే డిస్క్‌ని ఏదో అడిగింది, డిస్క్ జవాబు ఇవ్వలేదు. చాలా సందర్భాల్లో డి స్థితిలో ఉన్న ప్రోగ్రామ్‌ని ఎవరూ కదిలించలేరు. కిల్ హైఫన్ 9 కూడా పనిచేయదు, ఎందుకంటే ఆ సందేశం అందుకోవడానికైనా అది కెర్నెల్‌లోంచి, అంటే లినక్స్ గుండెకాయలోంచి, వెనక్కి రావాలి కదా.

మీరు రాసిన లక్షణాలు చూస్తే నాకు డి అనే అనిపిస్తోంది. పెన్‌డ్రైవ్‌లో ఏదో ఒక చోట చదవడం కుదరడం లేదు, కెర్నెల్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. కొన్ని నిమిషాలు ఆగండి. అప్పటికీ వదలకపోతే పెన్‌డ్రైవ్ తీసేయండి. మామూలుగా అయితే అలా లాగొద్దనే చెబుతాను, కానీ మీరు దాంట్లో ఏమీ రాయడం లేదు, చదువుతున్నారంతే. తీసేయగానే సాధారణంగా ఎర్రర్ వచ్చి గ్రెప్ బయటపడుతుంది. తర్వాత అడ్మిన్ హక్కు ఇచ్చే సుడో తగిలించి, కెర్నెల్ సందేశాలు చూపే డిమెసేజ్ కమాండ్, అంటే డి, ఎమ్, ఇ, ఎస్, జి అక్షరాలు, కొట్టి చివరి వరసలు చదవండి. "ఐ ఓ ఎర్రర్" అనే మాట కనిపిస్తే అనుమానం తీరినట్టే. ఆ పెన్‌డ్రైవ్‌ని ఇక బ్యాకప్ అనుకోకండి. అందులో తప్ప ఇంకెక్కడా లేని ఫైళ్లుంటే దాని మీద గ్రెప్ నడపడం ఆపి, ముందు పాడైన డిస్క్‌ని కాపీ చేసే డిడి రెస్క్యూ టూల్‌తో మొత్తం ఒక ఇమేజ్, అంటే పూర్తి నకలు, తీసుకుని, ఆ ఇమేజ్ మీద వెతుక్కోండి. పాడవుతున్న డిస్క్‌ని వెతుకులాట కోసం పదేపదే చదివించడమంటే ఉన్న కాస్త ఆయువునూ ఖర్చు చేయడమే. ఇంకో మాట. అంతర్వేది, ఓడలరేవు వైపు ఆఫీసుల నుంచి నా దగ్గరికి వచ్చిన పెన్‌డ్రైవ్‌ల మొనల మీద చిలుము చాలాసార్లు చూశాను. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో మూత లేని పెన్‌డ్రైవ్‌ని టేబుల్ మీద వదిలేయకండి.

అక్షరం ఆర్ లేదా ఎస్ వచ్చి, అసలు ఏ ఫైలు దగ్గరుందో తెలుసుకోవాలంటే ఇంకో మార్గం ఉంది. టాప్‌లో గ్రెప్ పక్కన పిఐడి, అంటే ఆ ప్రోగ్రామ్ గుర్తింపు నంబరు ఉంటుంది. ఎల్‌ఎస్, హైఫన్ ఎల్, ఆ తర్వాత స్లాష్ ప్రాక్, స్లాష్ ఆ నంబరు, స్లాష్ ఎఫ్‌డి అని కొట్టండి. ఆ ప్రోగ్రామ్ చేతిలో ఉన్నవన్నీ వరసగా కనిపిస్తాయి. 0 దాని చెవి, 1 దాని నోరు, 2 ఎర్రర్లు చెప్పే నోరు. 3, 4 లాంటి నంబర్ల పక్కన అది తెరిచిన ఫోల్డర్లు, చదువుతున్న ఫైలు ఉంటాయి. 0, 1, 2 తప్ప ఇంకేమీ లేకపోతే, ఆ 0 కూడా టెర్మినల్ వైపే చూపిస్తుంటే, అది మీ కీబోర్డు కోసమే కాచుకుని ఉంది. ఒక పెద్ద ఫైలు పేరు కనిపిస్తే పక్కనే ఉన్న ఎఫ్‌డి ఇన్ఫో ఫోల్డర్‌లో అదే నంబరు గల ఫైల్ని క్యాట్‌తో చూడండి. అందులో "పాస్" అని ఒక సంఖ్య ఉంటుంది, ఫైల్లో ఎన్నో బైటు దాకా చదివిందో ఆ సంఖ్య చెబుతుంది. పది సెకన్లు ఆగి మళ్లీ చూడండి. పెరిగితే పని జరుగుతోంది. ఇంత చేస్తే "ఆగిందా, నడుస్తోందా" అన్న వాదన ఇక ఉండదు. విండోస్‌లో దీనికి బదులు రిసోర్స్ మానిటర్ తెరిచి డిస్క్ ట్యాబ్ చూడండి, ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలు చదువుతోందో అక్కడ కనిపిస్తుంది.

ఆ ట్యాబ్‌లో ఒక సంగతి గమనించండి. కొట్లో ఫోల్డర్ వన్‌డ్రైవ్‌లో, అంటే మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నిల్వలో, ఉందని రాశారు. పాత సంవత్సరాల ఫైళ్ల పక్కన మేఘం గుర్తు ఉంటే ఆ ఫైళ్లు మీ కంప్యూటర్‌లో లేవు, పేర్లు మాత్రమే ఉన్నాయి. వెతకడానికి ఫైండ్‌స్ట్ర్ ఒక్కో ఫైలు తెరవగానే వన్‌డ్రైవ్ దాన్ని ఇంటర్నెట్ నుంచి దించుకోవడం మొదలుపెడుతుంది. నెట్ నెమ్మదిగా ఉన్న రోజున ఒక్కో ఫైలుకి నిమిషాలు పడుతుంది, విండో మాత్రం మౌనంగా ఉంటుంది. ముందే ఆ ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి ఎప్పుడూ ఈ పరికరంలోనే ఉంచమని చెప్పి, రాత్రికి దిగనిచ్చి, తెల్లారి వెతకండి.

మీరు చివర్లో ఫోన్ నంబర్ల కోసం ఎవరో ఇచ్చిన పొడవాటి ప్యాటర్న్ (ఎలాంటి అక్షరాల వరస కావాలో చెప్పే సూత్రం) గురించి కూడా అడిగారు, అందులో హైఫన్ పెద్ద పి ఉంది. దాని గురించి జాగ్రత్త చెప్పాలి. మామూలు గ్రెప్ ప్యాటర్న్‌ని ఒక యంత్రంలా మార్చుకుని ఫైల్ని ముందుకే చదువుకుంటూ పోతుంది, వెనక్కి తిరగదు. ఆ పద్ధతిని థాంప్సనే 1968లో ఒక పత్రంలో రాశారు. పెద్ద పి పెడితే పెర్ల్ భాష తరహా ఇంజిన్ వస్తుంది. అది ఒక దారి కుదరకపోతే వెనక్కి వచ్చి ఇంకో దారి, మళ్లీ వెనక్కి వచ్చి ఇంకో దారి ప్రయత్నిస్తుంది. బ్రాకెట్ లోపల ఒక ప్లస్, బ్రాకెట్ బయట ఇంకో ప్లస్ ఉన్న ప్యాటర్న్‌కి, చివర్లో కుదరని 30 అక్షరాల వరస ఎదురైతే ప్రయత్నాలు 2ని 30 సార్లు హెచ్చించినంత, అంటే 107 కోట్లు దాటిపోవచ్చు. గ్రెప్‌లో దీనికి ఒక హద్దు ఉంది, అది దాటితే ఎర్రర్ చెబుతుంది. అన్ని టూల్స్‌లోనూ ఆ హద్దు ఉండదు. ఇది చిన్న కొట్టు సమస్య మాత్రమే అనుకోకండి. 2016 జూలై 20న ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు ఆగిపోయింది ఇలా వెనక్కి తిరుగుతూ పోయిన ఒక ప్యాటర్న్ వల్లే. 2019 జూలై 2న వెబ్‌సైట్లకి రక్షణ ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ వెనక నడిచే సైట్లు 27 నిమిషాల పాటు ఇబ్బందిపడిందీ ఇందువల్లే. మీకు కావాల్సింది పది అంకెల నంబరు. హైఫన్ పెద్ద ఇ పెట్టి, చదరపు బ్రాకెట్లలో 0 నుంచి 9, దాని పక్కన మీసాల బ్రాకెట్లలో 10 అని రాస్తే చాలు. పేరు కోసం వెతికేటప్పుడు అసలు ప్యాటర్న్ అవసరమే లేదు. హైఫన్ పెద్ద ఎఫ్ పెట్టండి, ఇచ్చిన మాటని ఉన్నది ఉన్నట్టుగా వెతుకుతుంది, వేగంగా కూడా వెతుకుతుంది.

పైప్‌లు వాడేవాళ్ల కోసం ఒక మాట, మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా. ఫైలు చివర చేరే కొత్త వరసలు చూపే టెయిల్ హైఫన్ ఎఫ్‌తో లాగ్ చూస్తూ దాన్ని రెండు గ్రెప్‌ల గుండా పంపితే చాలాసేపు ఏమీ రాదు. మొదటి గ్రెప్ వరసల్ని కుప్పగా పోగుచేసుకుని నిండాకే పంపుతుంది. దానికి లైన్ బఫర్డ్ అనే ఆప్షన్ ఇవ్వండి. అలాగే వెతికే ఫోల్డర్‌లోనే ఫలితాల ఫైలు పెట్టకండి. తెర మీదా ఫైల్లోనూ ఒకేసారి రాసే టీ కమాండ్‌తో అక్కడే రాస్తే గ్రెప్ తను రాసిందే మళ్లీ చదివి, మళ్లీ రాసి, డిస్క్ నిండేదాకా పోవచ్చు.

తెలుగు పేర్ల సంగతి వేరుగా చెప్పాలి. 2019 తర్వాత బిల్లుల్లో రైతుల పేర్లు తెలుగులో ఉన్నాయన్నారు. వాటిని ఫైండ్‌స్ట్ర్‌తో వెతకకండి, యూనికోడ్ తెలుగు దానికి సరిగ్గా పట్టుబడదు. విండోస్‌లోనే ఉండే పవర్‌షెల్ అనే ఇంకో కమాండ్ విండోలో సెలెక్ట్ స్ట్రింగ్ వాడి, ఎన్‌కోడింగ్ యుటిఎఫ్ 8 అని చెప్పండి. గ్రెప్‌లో అయితే తెలుగు మాట నేరుగా ఇవ్వచ్చు. తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం లేవు కాబట్టి హైఫన్ ఐ అక్కర్లేదు, అది తీసేస్తే పని కూడా తేలికవుతుంది. ఏమీ దొరక్కపోతే గ్రెప్ ఏమీ అనకుండా ప్రాంప్ట్ ఇచ్చేస్తుంది, దాన్ని ఆగిపోవడం అనుకోవద్దు. కళ్ల ముందు పేరు ఉన్నా దొరక్కపోతే మూడు అనుమానించాలి. ఎక్సెల్ నుంచి "యూనికోడ్ టెక్స్ట్" అని సేవ్ చేస్తే అది యుటిఎఫ్ 16లో ఉంటుంది, ఐకన్వ్ కమాండ్‌తో యుటిఎఫ్ 8కి మార్చుకోవాలి. డిటిపి సెంటర్‌లో అను ఫాంట్లతో టైప్ చేయించిన ఫైళ్లయితే కంటికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిష్ సంకేతాలు, యూనికోడ్‌కి మార్చేదాకా ఏ టూలూ వెతకలేదు. మూడోది అరుదు: ఐత్వం గుర్తుని ఒకే సంకేతంగానూ రాయచ్చు, ఎత్వం పక్కన దాని కింది గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయచ్చు. చూడటానికి తేడా ఉండదు, గ్రెప్‌కి మాత్రం రెండూ వేరు మాటలు. ఐత్వం లేని భాగంతో, అంటే ఇంటిపేరుతోనో ఊరి పేరుతోనో వెతికితే ఆ ఇబ్బంది తప్పుతుంది.

వేరే టూల్ గురించి అడిగారు కాబట్టి: 2016లో వచ్చిన, గ్రెప్ లాంటిదే అయిన రిప్‌గ్రెప్ నిజంగా వేగమైనది, నేనూ వాడతాను. వెనక్కి తిరిగే ఇంజిన్ దానికి మామూలుగా ఉండదు, ఫోల్డర్ చెప్పకపోతే టెర్మినల్‌లో ఇప్పుడున్న ఫోల్డర్‌నే చూస్తుంది. అయితే పాడైన పెన్‌డ్రైవ్ మీద అది కూడా గ్రెప్ లాగానే ఆగుతుంది. స్క్రిప్ట్‌లోంచి పిలిచినప్పుడు ఫోల్డర్ ఇవ్వకపోతే అదీ ఇన్‌పుట్ కోసం కూర్చునే అవకాశం ఉంది. ముందు ఉన్నదాంతో ఈ పని ముగించండి, తర్వాత తీరిగ్గా వేసుకోవచ్చు.

రేపు కొట్టుకి వెళ్లగానే క్విక్ ఎడిట్ టిక్ తీసి, స్లాష్ సి, స్లాష్ ఎమ్ కలిపి ఒక్క 2014 ఫోల్డర్ మీద మాత్రమే నడపండి. అది ఎంతసేపు పట్టిందో చూసుకుంటే మిగతా ఏళ్లకి ఎంత పడుతుందో మీకే అంచనా వస్తుంది. ఇంట్లో లాప్‌టాప్‌లో చుక్క పెట్టి గ్రెప్ నడపండి. పెన్‌డ్రైవ్ మళ్లీ పెట్టాల్సి వస్తే టాప్‌లో ఆ అక్షరం ఏం వచ్చిందో, డిమెసేజ్ చివరి పది వరసల్లో ఏముందో ఇక్కడ రాయండి. ఆ ఫైళ్లకి ఇంకో కాపీ ఉందో లేదో కూడా చెప్పండి, లేకపోతే ముందు ఇమేజ్ తీసే పద్ధతి వివరంగా రాస్తాను.